నల్లగొండ దగ్గర ఆగిపోతున్న పైథాన్ ప్రోగ్రామ్: టెక్స్ట్ ఫైలు చదవడంలో సందేహం

బత్తాయి లెక్కలు (హాలియా)

అందరికీ నమస్కారం. మా వైపు బత్తాయి రైతులు కొందరు కలిసి కాయను ఒకే లారీలో మార్కెట్‌కు పంపుతారు. వచ్చిన తక్‌పట్టీలను నేను నోట్‌ప్యాడ్‌లో చీటీకొక వరుసగా ఎక్కిస్తాను. ప్రతి వరుసలో తేదీ, ఊరు, కిలోలలో బరువు, టన్ను ధర అనే నాలుగు అంశాలు కామాలతో విడివిడిగా ఉంటాయి. పైన శీర్షిక వరుస ఏదీ లేదు. ఊరి వారీగా మొత్తం బరువు, రావలసిన సొమ్ము లెక్కకట్టి వేరే ఫైలులో రాసిపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌ను నేనే రాసుకున్నాను.

దేవరకొండ, హాలియా, డిండి వైపు కాయ మాత్రమే వచ్చిన మూడు నెలలూ అది చక్కగా నడిచింది. ఈ నెల నల్లగొండ వైపు రైతులు కూడా చేరారు. ఫైలులో మొదటి వరుసే 12-03-2024 తేదీతో, నల్లగొండ పేరుతో మొదలవుతుంది. అక్కడే ప్రోగ్రామ్ ఆగిపోయి, చార్‌మ్యాప్ అనే కోడెక్ 19వ స్థానంలో ఉన్న 8డి అనే బైటును చదవలేకపోయిందని చెబుతోంది. ఇదే ఫైలు, ఇదే ప్రోగ్రామ్ కళాశాల ల్యాబ్‌లోని ఉబుంటు కంప్యూటర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయి. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది. నల్లగొండ పేరులో ఏముందో నాకు అర్థం కావడం లేదు.

డిండి వాగు

అక్కా, ఇది చాలామందికి వచ్చేదే. ఫైలు తెరిచే ఓపెన్ ఫంక్షన్‌లో ఎర్రర్స్ అనే ఆర్గ్యుమెంట్‌కు ఇగ్నోర్ అని విలువ ఇవ్వండి. చదవలేని బైట్లను వదిలేసి ముందుకు పోతుంది. నేను రెండేళ్లుగా అలాగే వాడుతున్నాను.

మూసీ గట్టు (వలిగొండ)

పై సలహాను దయచేసి ఇప్పుడే అమలు చేయకండి. ముందు ఆ 8డి (బైటు విలువను పదహారు ఆధారంగా రెండు గుర్తులతో రాసే పద్ధతి అది) ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబంతా ఆ ఒక్క బైటులోనే ఉంది.

మీ ఫైలు యూటీఎఫ్-8 పద్ధతిలో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే ఒక ఎన్‌కోడింగ్‌లో, భద్రమై ఉంది. ఆ పద్ధతిలో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కామా ఒక్కొక్క బైటు తీసుకుంటాయి. తెలుగు గుర్తు ప్రతిదీ మూడేసి బైట్లు తీసుకుంటుంది. అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలలో దేన్ని తీసుకున్నా మొదటి బైటు ఈ0, రెండవది బీ0 గాని బీ1 గాని అవుతుంది. మూడవ బైటు మాత్రమే గుర్తును బట్టి మారుతుంది. ఇప్పుడు మీ మొదటి వరుసను వేళ్లమీద లెక్కపెట్టండి. పైథాన్ సున్నా నుంచి లెక్కిస్తుంది కనుక తేదీ, కామా కలిసి 0 నుంచి 10 వరకు ఉన్న స్థానాలను ఆక్రమిస్తాయి. 'న' 11 నుంచి 13 వరకు, 'ల' 14 నుంచి 16 వరకు ఉంటాయి. తరువాత 'ల్ల' అనే ద్విత్వాన్ని కలిపే పొల్లు గుర్తు 17, 18, 19 స్థానాలలో ఉంటుంది. పొల్లు బైట్లు వరుసగా ఈ0, బీ1, 8డి. మీకు కనిపించిన 19వ స్థానం సరిగ్గా అదే.

విండోస్‌లో పైథాన్‌కు ఫలానా ఎన్‌కోడింగ్ అని మనం చెప్పకపోతే అది వ్యవస్థలోని పాత కోడ్ పేజీని, అంటే బైట్లను అక్షరాలుగా మార్చే పట్టికను, తీసుకుంటుంది. మన దగ్గర అమ్మే కంప్యూటర్లలో అది సాధారణంగా 1252. పశ్చిమ ఐరోపా భాషల కోసం తయారైన ఆ పట్టికలో ఒక్కొక్క బైటుకు ఒక్కొక్క అక్షరం ఉంటుంది, కానీ 81, 8డి, 8ఎఫ్, 90, 9డి అనే ఐదు గదులు ఖాళీ. పొల్లు మూడవ బైటు ఆ ఖాళీ గదిలో పడింది కనుక ప్రోగ్రామ్ ఆగింది. ఉకారపు కొమ్ము చివరి బైటు 81, అదీ ఆగుతుంది. ఏ, ఐ, ఝ, అరసున్న కూడా అంతే.

ఇక దేవరకొండను చూడండి. అందులో పొల్లు లేదు, కొమ్ము లేదు. హాలియాలో లేదు, డిండిలో లేదు. మూడు పేర్లలోని బైట్లన్నిటికీ ఆ పట్టికలో ఏదో ఒక అక్షరం దొరికింది. మూడు నెలలు మీ ప్రోగ్రామ్ చక్కగా నడిచిందని రాశారు గాని, నిజానికి అది మూడు నెలలూ ఫైలును తప్పుగానే చదివింది; తప్పు బయటపడే అవకాశం నల్లగొండ వల్ల ఇప్పుడు వచ్చింది.

ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పండి: మీ ప్రోగ్రామ్‌లో ఊరి పేరును ఎక్కడైనా మీరు స్వయంగా రాసిన పేరుతో పోల్చి చూశారా?

బత్తాయి లెక్కలు (హాలియా)

ధన్యవాదాలు సార్. కానీ తప్పుగా చదివితే మొత్తాలు ఎలా సరిపోయాయి? నేను కాలిక్యులేటర్‌తో సరిచూసుకున్నాను. పైగా ప్రోగ్రామ్ రాసిపెట్టిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే దేవరకొండ అని తెలుగులోనే కనిపించింది.

పోల్చిన చోటు ఒకటి ఉంది. దేవరకొండ కాయకు లారీ కిరాయి వేరుగా పట్టుకోవాలి కనుక, ఊరు దేవరకొండ అయితే టన్నుకు ఇంత తగ్గించమని ఒక షరతు రాశాను.

పాలమూరు బడిపంతులు (మహబూబ్‌నగర్)

మూసీ గట్టు గారు జవాబు రాసేలోగా నేను ఒక మాట చెబుతాను. నేను డిగ్రీ పిల్లలకు పైథాన్ చెబుతాను. ఈ చిక్కును తరగతిలో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మొత్తాలు ఎందుకు సరిపోయాయంటే, తప్పుడు పట్టికలోనూ దేవరకొండ ఎప్పుడూ ఒకే రకమైన పిచ్చిగీతలుగా మారుతుంది, హాలియా మరో రకంగా మారుతుంది. పేరు ఏదైతేనేం, ఒకే పేరుతో ఉన్న వరుసలన్నీ ఒక్కచోట చేరాయి. అంకెలు, కామాలు రెండు పద్ధతులలోనూ ఒకటే కనుక బరువులకు ఏమీ కాలేదు. తరువాత ఫలితాన్ని ఫైలులో రాసేటప్పుడు కూడా మీరు ఎన్‌కోడింగ్ చెప్పలేదు. అదే 1252 పట్టికతో ఆ పిచ్చిగీతలు తిరిగి బైట్లుగా మారి, మొదట ఉన్న బైట్లే బయటికి వచ్చాయి. లోపలికి వచ్చేటప్పుడు జరిగిన తప్పును బయటికి పోయేటప్పుడు జరిగిన తప్పు కప్పేసింది. నోట్‌ప్యాడ్ వాటిని యూటీఎఫ్-8గా చదివి మీకు చక్కని తెలుగు చూపించింది.

నడుమ ఏముందో చూడాలంటే ఊరి పేరును తెరమీద ప్రింట్ చేయండి. తలమీద చిన్న గీత ఉన్న ఆంగ్ల 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తు గాని ప్లస్-మైనస్ గుర్తు గాని, ఆ పక్కన మరో గుర్తు, ఇలా మూడేసి చొప్పున వస్తాయి. ఆ మొదటి రెండూ ఈ0, బీ0 లేదా బీ1 బైట్లకు ఆ పట్టిక ఇచ్చిన వేషాలు. ఈ నమూనా ఒకసారి కంట పడితే మళ్లీ ఎక్కడ కనిపించినా తెలుగును తప్పుగా చదివారని వెంటనే తెలిసిపోతుంది.

మరి మీ షరతు సంగతి. పైథాన్ 3 మీ ప్రోగ్రామ్ ఫైలును మాత్రం యూటీఎఫ్-8 గానే చదువుతుంది. అంటే షరతులో మీరు రాసిన దేవరకొండ నిజమైన దేవరకొండ. ఫైలు నుంచి వచ్చింది పిచ్చిగీతల దేవరకొండ. రెండూ ఎన్నడూ సమానం కావు.

బత్తాయి లెక్కలు (హాలియా)

ఇప్పుడే పాత లెక్కలు తీసి చూశాను. మీరు చెప్పినట్లే జరిగింది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా దేవరకొండ వారి సొమ్ములోంచి కిరాయి తగ్గించలేదు. ఆ భారం మిగతా ఊళ్ల మీద పడింది. రైతులకు ఏం చెప్పుకోవాలో ఆలోచిస్తున్నాను. లెక్క నా చేతుల్లో ఉంది కనుక సవరించిన పట్టీలు నేనే తయారుచేసి ఇస్తాను.

డిండి వాగు

ఇంత లోతు నాకు తెలియదు. నేను ఇగ్నోర్ పెట్టిన చోట కూడా ఇలాంటిదే జరుగుతుందా?

మూసీ గట్టు (వలిగొండ)

ఇంకా ఎక్కువ నష్టం జరుగుతుంది. తప్పు పట్టికతో చదువుతూ ఇగ్నోర్ అంటే, పొల్లులోని 8డి పోతుంది, కొమ్ములోని 81 పోతుంది. మిగిలేవి రెండింటికీ ఒకే ఈ0, బీ1. అంటే పొల్లుకూ కొమ్ముకూ తేడా చెరిగిపోతుంది. ఒకరు కనగల్ అని, మరొకరు కనగలు అని రాస్తే రెండూ ఒకే పేరుగా కలిసిపోతాయి. ఈ ఉదాహరణలో అది మేలే అనిపించవచ్చు గాని, ఏ రెండు పేర్లు కలుస్తాయో నిర్ణయించే హక్కు మీ చేతిలో లేకుండా పోయింది. పైగా ఆ ఫలితాన్ని తిరిగి రాస్తే అవి సగం తెగిన బైట్లు. ఈసారి ఏ ఎడిటరూ వాటిని తెలుగుగా చూపించలేదు. మూడు నెలలు కప్పిపుచ్చిన మార్గం కూడా మూసుకుపోతుంది.

ఫైలు కొంత దెబ్బతిన్నదని ముందే తెలిసినప్పుడు ఇగ్నోర్ బదులు రీప్లేస్ అని ఇవ్వండి. చదవలేని చోట ప్రశ్నార్థకం ఉన్న నల్లని పలక గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఎన్ని చోట్ల వచ్చిందో లెక్కపెట్టుకోవచ్చు.

అక్కకు అసలు పరిష్కారం ఒక్క మాటే. ఓపెన్ ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ అనే ఆర్గ్యుమెంట్‌కు యూటీఎఫ్-8 అని ఇవ్వాలి. చదివేటప్పుడూ ఇవ్వాలి, రాసేటప్పుడూ ఇవ్వాలి. చదివేటప్పుడు ఇచ్చి రాసేటప్పుడు మరిచిపోతే ఎన్‌కోడ్ తప్పు వచ్చి ఆగుతుంది, అది మంచిదే.

పాలమూరు బడిపంతులు (మహబూబ్‌నగర్)

ఉబుంటులో ఎందుకు నడిచిందో కూడా చెప్పాలి కదా. అక్కడ వ్యవస్థ మొత్తానికి యూటీఎఫ్-8 అమరి ఉంటుంది కనుక పైథాన్ అదే తీసుకుంది. విండోస్‌లోనూ ఆ ప్రవర్తన కావాలంటే పైథాన్ 3.7 నుంచి యూటీఎఫ్-8 మోడ్ అనేది ఉంది, 3.15 నుంచి ఏమీ చెప్పకపోయినా యూటీఎఫ్-8నే తీసుకోవాలని భాష రూపకర్తలు నిర్ణయించారు. అయినా నా విద్యార్థులకు నేను ఎన్‌కోడింగ్‌ను రాసి తీరమనే చెబుతాను. ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌కు వలస పోతుందో మనకు తెలియదు.

ఇంకొక చిన్న ప్రయోగం. నల్లగొండ అనే మాటలో ఎన్ని అక్షరాలని ఛందస్సు చదివిన వారిని అడిగితే న, ల్ల, గొం, డ అని నాలుగు చెబుతారు. పైథాన్‌ను అడిగితే పొల్లు, ఒత్వం, సున్నలను కూడా వేరువేరుగా లెక్కించి ఎనిమిది అంటుంది. డిస్క్‌ను అడిగితే 24 బైట్లు అంటుంది. మూడూ నిజమే. ఫైలు నుంచి మొదటి పది అక్షరాలు మాత్రమే చదవమన్నప్పుడు ఒత్తు ఒకవైపు, హల్లు ఒకవైపు తెగిపడేది ఇందుకే. అందువల్ల తెలుగు ఫైలును అక్షరాల లెక్కన తుంచకుండా వరుసల లెక్కన చదవడం మేలు.

ఉదయసముద్రం (నల్లగొండ)

మీరంతా పైథాన్ చుట్టూ తిరుగుతున్నారు గాని, ఈ పనికి ఆక్ అనే పాత భాష ఒక్క వరుసలో సరిపోతుంది. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ముగ్గురు కలిసి చేశారు. వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. విడదీసే గుర్తు కామా అని చెప్పి, రెండవ గడిని పేరుగా, మూడవ గడిని కూడికగా తీసుకుని, చివర మొత్తాలు అచ్చువేయమంటే చాలు. ఫైలు తెరవడం, వరుసలు తిప్పడం, మూయడం అన్నీ అదే చూసుకుంటుంది. ఎన్‌కోడింగ్ గొడవ కూడా ఉండదు, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తులోని ఏ బైటూ కామాతో గాని అంకెలతో గాని పొరపడేలా ఉండదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని రూపొందించినప్పుడే ఆ జాగ్రత్త తీసుకున్నారు.

మూసీ గట్టు (వలిగొండ)

కూడికల వరకు మీతో ఏకీభవిస్తాను. పొడవు అడిగితే మాత్రం ఒక ఆక్ నల్లగొండను 8 అంటుంది, మరొకటి 24 అంటుంది. పైగా ఆమె విండోస్‌లో పని చేస్తున్నారు, ఇప్పటికే రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఉంది. కాలువ తవ్వి ఉన్నచోట మళ్లీ బావి తవ్వమనడం ఎందుకు?

ఉదయసముద్రం (నల్లగొండ)

సరే, ఒప్పుకున్నాను. బత్తాయి తోటకు బావి అయినా కాలువ అయినా నీళ్లు అందడమే ముఖ్యం.

బత్తాయి లెక్కలు (హాలియా)

ఎన్‌కోడింగ్ రాశాక నల్లగొండ వరుస దాటింది. దేవరకొండ షరతు కూడా పనిచేసింది. కానీ కొత్త చిక్కు వచ్చింది. ధరలు సరిదిద్దడానికి ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఫైలు) యూటీఎఫ్-8 అనే ఎంపికతో మళ్లీ భద్రపరిచాను. ఇప్పుడు మొదటి వరుసలోని తేదీ నమూనాతో సరిపోలడం లేదని ఆగుతోంది. కంటికి మాత్రం 12-03-2024 అనే కనిపిస్తోంది. ఆ వరుసను ప్రోగ్రామ్‌లో తాత్కాలికంగా దాటవేస్తే, బరువు 12,450 ఉన్న చోట వరుస ఐదు ముక్కలవుతోంది.

కోయిలకొండ

రెండు చిక్కులూ ఎక్సెల్ నుంచి వచ్చినవే.

మొదటిది: ఆ ఎంపికతో భద్రపరిస్తే ఎక్సెల్ ఫైలు మొదట్లో ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్ల ముద్ర వేస్తుంది. అది కంటికి కనిపించదు. మామూలు యూటీఎఫ్-8గా చదివితే తేదీకి ముందు అదొక అదనపు అక్షరంగా అంటుకుని ఉంటుంది. వరుస చివరలను శుభ్రం చేసే స్ట్రిప్ కూడా దాన్ని తీయదు, ఎందుకంటే అది ఖాళీ జాగా కింద లెక్కకు రాదు. ఎన్‌కోడింగ్ విలువగా యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే, ముద్ర ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ విలువను నేరుగా ప్రింట్ చేయకుండా రెప్ర్ ఫంక్షన్‌లో పెట్టి ప్రింట్ చేయండి. కనిపించని గుర్తులన్నీ వాటి యూనికోడ్ సంఖ్యలతో బయటికి వస్తాయి.

రెండవది: ఎక్సెల్‌లో ఆ గడికి వేల కామా అలంకరణ ఉండి ఉంటుంది. భద్రపరిచేటప్పుడు అది 12,450ను ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టి రాసింది. మీరు వరుసను స్ప్లిట్‌తో ప్రతి కామా దగ్గర నరుకుతున్నారు కనుక బరువు రెండు ముక్కలైంది. పైథాన్‌తోనే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌ను వాడండి. ఉల్లేఖన చిహ్నాల లోపలి కామాను అది ముట్టుకోదు. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ ఆర్గ్యుమెంట్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం మరవకండి. ఆ తరువాత సంఖ్యగా మార్చే ముందు కామాలను తొలగించాలి.

పాలమూరు బడిపంతులు (మహబూబ్‌నగర్)

ఆ ఉల్లేఖన చిహ్నాలు ఉన్నాయి కనుక ఆమెకు తప్పు తెలిసింది. అవే లేకపోతే 12 కిలోల బత్తాయి, టన్ను ధర 450 అని ప్రోగ్రామ్ నిశ్శబ్దంగా లెక్కకట్టేది. నాలుగు ముక్కలు రాని వరుసను వరుస సంఖ్యతో సహా చూపించి ఆగమని ప్రోగ్రామ్‌లోనే ఒక పరీక్ష పెట్టుకోవాలని నా అభిప్రాయం.

విషయం వచ్చింది కనుక ఒక వింత. మా ఇంట్లో పాత పద్దు పుస్తకాలలో అంకెలు తెలుగులోనే ఉన్నాయి, ౧౨౩ అన్నట్లు. వాటిని అలాగే టైపు చేసిన ఫైలును చదివించినప్పుడు, ఇంట్ ఫంక్షన్ వాటిని మారు మాట లేకుండా 123గా తీసుకుంది. యూనికోడ్‌లో దశాంశ అంకెగా నమోదైన దేన్నయినా అది ఒప్పుకుంటుంది.

బత్తాయి లెక్కలు (హాలియా)

రెండూ కుదిరాయి. ఫలితంలో నల్లగొండ అని ఒకచోట, నల్గొండ అని మరోచోట రెండు మొత్తాలు వచ్చాయి. అది నేను టైపు చేసిన తీరు. కానీ కనగల్ కూడా రెండుసార్లు వచ్చింది, రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. రెప్ర్‌తో చూస్తే ఒకదాని చివర 200సి అనే సంఖ్య ఉంది.

మూసీ గట్టు (వలిగొండ)

కొన్ని వరుసలు ఫోన్‌లో టైపు చేసి పంపుకున్నారా? పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు చేర్చే కనిపించని గుర్తు అది. మాట మధ్యలో దానికి పని ఉంటుంది, చివర ఉండదు. ఊరి పేర్లను పోల్చే ముందు దాన్ని రీప్లేస్ చేసి తీసేయండి. అదే చోట పేర్లను యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే వేర్వేరుగా రాసినా ఒకటే అయిన గుర్తులను ఒక్క తీరుకు తెచ్చే రూపానికి, కూడా మార్చండి. ఐత్వాన్ని ఒకే గుర్తుగా గాని, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా గాని రాయవచ్చు, అవి కంటికి ఒకటే.

నల్గొండ, నల్లగొండ చిక్కును ఏ మాడ్యూలూ తీర్చదు. వాడుకలో ఉన్న రూపాలను ఎడమవైపు, మీరు కోరుకునే రూపాన్ని కుడివైపు రాసి చిన్న పట్టిక పెట్టుకోండి. పట్టికలో లేని పేరు వస్తే ప్రోగ్రామ్ ఆగి మిమ్మల్ని అడగాలి. దగ్గరగా ఉందని తానే కలిపేయకూడదు.

ఉదయసముద్రం (నల్లగొండ)

మా ఊరి పేరును పట్టికలో నల్లగొండగానే ఉంచండి, నల్గొండగా కాదు. ఇది సాంకేతిక సలహా కాదు, మా ఊరివాడి కోరిక.

డిండి వాగు

నాదొక సందేహం. డీటీపీ దుకాణం నుంచి తెచ్చిన పాత జాబితా ఒకటి నా దగ్గర ఉంది. యూటీఎఫ్-8 ఇచ్చినా, 1252 ఇచ్చినా తెలుగు రావడం లేదు.

కోయిలకొండ

అది అను లిపుల వంటి పాత ఫాంటులో కూర్చినది అయి ఉండవచ్చు. అందులో ఉన్నవి ఆంగ్ల అక్షరాల సంఖ్యలే. ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు చూపిస్తుంది. ఎన్‌కోడింగ్ మార్చితే అది తెలుగు కాదు, ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టికతో యూనికోడ్‌లోకి మార్చిన తరువాతే పైథాన్‌కు ఇవ్వాలి. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే ఆమె విషయం దారి తప్పుతుంది.

బత్తాయి లెక్కలు (హాలియా)

అంతా సరిచేశాను. బడిపంతులు గారు చెప్పిన పరీక్ష కూడా పెట్టాను. ఊరి వారీ బరువులన్నీ కూడితే మార్కెట్ కాటా చీటీలలోని మొత్తంతో కిలో తేడా లేకుండా కలిసింది. దేవరకొండ వారి మూడు నెలల కిరాయి సవరించిన పట్టీలు రేపు ఇస్తున్నాను. ఒక్క వరుస మాత్రం పరీక్షలో చిక్కింది: 214వ వరుసలో నాలుగు ముక్కలకు బదులు అసలు ఏమీ లేదని చూపించి ఆగింది.

మూసీ గట్టు (వలిగొండ)

ఫైలులో మొత్తం ఎన్ని వరుసలు?

బత్తాయి లెక్కలు (హాలియా)

214. చివర ఎంటర్ రెండుసార్లు నొక్కాను సార్.